గాలి కలిపిన రెండు కార్లు

పాత రేసు కార్లను ప్రాణంలా దాచుకునేవాళ్లు రెండు పేర్లు తప్పకుండా చెబుతారు. ఒకటి ఇటలీకి చెందిన ఫెరారీ 250 జీటీఓ. 1962–64 మధ్య తయారైనవి 36. రెండోది అమెరికాకు చెందిన షెల్బీ డేటోనా కూపే. అవి మొత్తం ఆరే. ఈ రెండు కార్లూ ఒకే పోటీ కోసం, కార్లు తయారుచేసే తీరులో పూర్తిగా వేరైన రెండు దేశాల నుంచి వచ్చాయి.

ఫెరారీలో ముందు ఇంజిన్, తర్వాతే మిగతా కారు. జొయాక్కినో కొలంబో రూపొందించిన వీ12 ఇంజిన్ 2,953 సీసీ. పన్నెండు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి దక్కేది 246 సీసీ మాత్రమే. పిస్టన్ ఎంత తేలికైతే అంత చురుగ్గా కదులుతుంది. అందుకే ఆ ఇంజిన్ నిమిషానికి 7,500 చుట్లు తిరిగి సుమారు 300 హార్స్‌పవర్ ఇచ్చేది. కారు పని మొదలుపెట్టిన జొట్టో బిజ్జారీని 1961లో కంపెనీ వదిలి వెళ్లాడు. దాన్ని పూర్తిచేసే బాధ్యత 26 ఏళ్ల మౌరో ఫోర్గియేరి మీద పడింది. మోడెనాలోని సెర్జియో స్కాలియెట్టి పనివాళ్లు అల్యూమినియం రేకును చేత్తో మలిచి బాడీ కట్టారు.

అమెరికాలో కారల్ షెల్బీ దారి వేరు. ఫోర్డ్ మామూలు కార్లలో వాడే 4.7 లీటర్ల వీ8 ఇంజిన్‌ను ఆయన రేసుకు సిద్ధంచేసి, బ్రిటన్‌లో తయారైన తేలికపాటి చాసిస్‌లో బిగించాడు. అదే కోబ్రా. పోత ఇనుముతో చేసిన ఆ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు సుమారు 590 సీసీ. బలం 380 హార్స్‌పవర్ దాకా ఉండేది. అయినా ఫ్రాన్స్‌లోని లెమాన్స్ రేసులో పొడవాటి తిన్నని దారి మీద, పైకప్పు లేని కోబ్రా కన్నా జీటీఓ వేగంగా వెళ్లేది.

దానికి కారణం గాలి. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. గరిష్ఠ వేగం పది శాతం పెంచాలంటే శక్తి సుమారు 33 శాతం పెరగాలి. అంతకన్నా ఆకారం మార్చడమే తేలిక.

షెల్బీ దగ్గర పనిచేసే పీటర్ బ్రాక్ ఆ పనికి పూనుకున్నాడు. కారు వెనుక భాగాన్ని సన్నగా వాలుస్తూ తెచ్చి ఒక్కసారిగా కోసేస్తే, పొడవైన తోక ఉన్నట్టే గాలి సాఫీగా విడిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త వునిబాల్డ్ కామ్ 1930లలోనే గ్రహించాడు. ఆ సూత్రంతో బ్రాక్ గీసిన ఆకారాన్ని వర్క్‌షాప్‌లో చాలామంది నమ్మలేదు. డ్రైవర్ కెన్ మైల్స్ మాత్రం నమ్మాడు. అలా పుట్టిందే డేటోనా కూపే.

జీటీఓ తోకా అలా కోసినదే! ఇంజిన్లలో అంత దూరంగా ఉన్న రెండు సంప్రదాయాలను గాలి ఒకే ఆకారానికి తెచ్చింది. పైగా ఆరు కూపేల్లో ఐదింటికి బాడీ కట్టింది మోడెనాలోనే. రెండు ఇంజిన్లకూ గాలి, పెట్రోలు కలిపి అందించినవి ఇటలీలో తయారైన వెబర్ కార్బ్యురేటర్లే.

1964 లెమాన్స్‌లో డాన్ గర్నీ, బాబ్ బాండురాంట్ నడిపిన కూపే నాలుగో స్థానంలో నిలిచి జీటీ తరగతి గెలిచింది. ఐదో స్థానం జీటీఓది. మరుసటి ఏడాది, సరిగ్గా అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4న, ఫ్రాన్స్‌లోని రాంస్‌లో పెద్ద ఇంజిన్ల జీటీ తయారీదారుల టైటిల్ షెల్బీకి ఖాయమైంది.

2023లో న్యూయార్క్ వేలంలో ఒక జీటీఓ 5 కోట్ల డాలర్లకు పైగా పలికింది. కానీ ఈ కార్ల విలువ ధరలో లేదు, సమస్యను ఛేదించిన బుర్రల్లో, రేకును మలిచిన చేతుల్లో ఉంది. రెండు దేశాలూ దాన్ని ఎవరి పద్ధతిలో వారు గుర్తించాయి. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్ తొలి నమోదుగా డేటోనా కూపేనే ఎంచుకుంది. 2019లో బొలోన్యా కోర్టు జీటీఓ రూపాన్ని కళాకృతిగా గుర్తించి రక్షణ కల్పించింది. ఒక దేశం తన కారును చరిత్రలో చేర్చుకుంటే, మరో దేశం తన కారును కళగా నిలుపుకుంది. ఆ రెండు గౌరవాలకూ రెండు కార్లూ అర్హమైనవే.