సంచారజాతుల పేర్లు, భాషలు

చీరాల చెంత సముద్రపుటొడ్డున వాడరేవు కలదు. వాడ యనగా ఓడ. ఓడలు నిలుచు రేవు కనుక వాడరేవైనది. ఊరిపేరు ఊరి వృత్తాంతమును తెలిపినట్లే, జాతిపేరును భాషయు ఆ జాతి నడచివచ్చిన త్రోవను తెలుపును. ఐతే ఆ పేరు పరులు పెట్టినదైనచో ఒక్కొక్కప్పుడు దారి తప్పించును.

పూర్వము కోస్తా ఉప్పును ఎడ్లమీదను గాడిదలమీదను వేసికొని మెట్టయూళ్లకు చేరవేసి, ధాన్యమునకు మార్చుకొనిన సంచారులలో ఎరుకలవారు కలరు. ఉప్పు మోసినవారు ఉప్పు ఎరుకలవారు; కరివేపాకు అమ్మినవారు కరివేపాకు ఎరుకలవారు; వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవారు దబ్బ ఎరుకలవారు. ఎరుక చెప్పుట వారి స్త్రీల వృత్తి. దానినిబట్టియే జాతికంతటికిని ఆ పేరు వచ్చినదందురు. వారు మాత్రము తమ్ము కుర్రు అని చెప్పుకొందురు. తమిళదేశమున వీరిని కొరవలనియు, కన్నడదేశమున కొరమలు, కొరచలనియు పిలుతురు. ఇండ్లలో వారాడు కుర్రుభాష తెలుగు కాదు. తమిళమునకు మిక్కిలి దగ్గరిది. తరతరములుగా తెలుగువారి నడుమ మెలగుటచే తెలుగు మాటలెన్నియో అందు చేరినవి. ఐనను మూలము మరుగుపడలేదు.

రైళ్లు వచ్చిన పిమ్మట ఉప్పు మోతకు ఎడ్లతో పనిలేకపోయెను. బ్రతుకుతెరువు పోయినవారికి 1911 నాటి చట్టము ‘నేరస్థజాతి’ యను మరియొక పేరు తగిలించెను. పట్టికలో చేరినవాడు ఏ తప్పు చేయకున్నను వేళకు హాజరు చెప్పవలెను. అనుమతి లేక ఊరు విడువరాదు. చీరాల, బాపట్లల నడుమనున్న స్టూవర్టుపురము అట్టివారిని నిలిపియుంచుటకు ఏర్పడినదే. దానిని సాల్వేషన్ ఆర్మీవారు నడపిరి. ఆ చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952లోను రద్దైనది. కాగితముమీది పేరు పోయినను నోటిమీది పేరు అంత త్వరగా పోలేదు.

ఐరోపాఖండమున సంచారము చేసిన రోమాలకును ఇట్టిదే సంభవించినది. వారు ఎరుకలవారికి చుట్టములు కారు. వారి రోమానీభాష హిందీ, లంబాడీ భాషల కుదురునకు చెందినది. ఈజిప్టునుండి వచ్చిరని భ్రమించి ఆంగ్లేయులు వారిని జిప్సీలనిరి. 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు ఒక రోమా స్త్రీని అడిగి మాటలు వ్రాసికొని, వానిని హిందూస్థానీతో పోల్చి, ఆ భాష మన దేశముదని ప్రకటించెను. ముక్కు వారికి నాక్, నీరు పానీ, మనిషి మనుష్. అంకెలు మరియు చిత్రమైనవి. రెండు దుయి, ఐదు పంజ్, ఇవి మనవే. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రము ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా. ఇవి గ్రీకుల సొత్తు. త్రోవలో ఆ జాతి గ్రీకుల నడుమ చిరకాలము నిలిచినదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

1971లో లండను సమీపమున తొలి ప్రపంచ రోమా మహాసభ జరిగినది. పరులు పెట్టిన పేర్లను త్రోసివేసి, తమ భాషలోని రోమా అను పేరుతోనే తమ్ము పిలువవలెనని అందు తీర్మానించుకొనిరి.