ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగాలి?

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "మా ఎనిమిదో తరగతి పిల్లలు ఆటల పీరియడ్‌లో గొంతు చించుకుంటారు. పాఠం మధ్యలో ఏదైనా అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. వీళ్ల నోరు విప్పించడం ఎలా?"

ఇలాంటి ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. ఆసక్తి రేకెత్తించండి, ప్రోత్సహించండి, ప్రయోగాలు చేయించండి అంటారు. వీటన్నిటికంటే చవకైన మార్గం ఒకటుంది. అది సెకన్ల లెక్క.

చదువులో టీచరు పాత్ర ఎంత అనే చర్చ ఎప్పుడో ముగిసింది. అమెరికాలో రాజ్ చెట్టి, జాన్ ఫ్రీడ్‌మన్, జోనా రాకాఫ్ సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. మంచి టీచరు దగ్గర చదివిన పిల్లలు కాలేజీ మెట్లెక్కే అవకాశమే కాదు, పెద్దయ్యాక వాళ్ల సంపాదన కూడా ఎక్కువని అందులో తేలింది. మన దగ్గర సాక్ష్యం ఇంకా ఆసక్తికరం. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లలో లెక్కల్లోనూ తెలుగులోనూ పిల్లలు మెరుగుపడ్డారు. విచిత్రమేమిటంటే టీచర్ల హాజరు పెరగలేదు. బడికొచ్చిన రోజున వాళ్లు చేసే పని మాత్రం మారింది: హోంవర్కు, అదనపు క్లాసులు, అభ్యాస పరీక్షలు. అంటే అసలు కథంతా తరగతి గది లోపలే ఉంది.

తరగతి గదుల్లోకి టేప్ రికార్డరుతో వెళ్లిన అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ దెబ్బకు ఉలిక్కిపడిన అమెరికా, 1960లలో ప్రాథమిక పాఠశాలలకు కొత్త సైన్సు పాఠ్యక్రమాలు తయారుచేసుకుంది. పిల్లలు స్వయంగా పరిశీలించాలి, తర్కించాలి, వాదించాలి అన్నది వాటి ఉద్దేశం. రో రికార్డింగులు వింటే ఆ వాదనలు దాదాపు ఎక్కడా వినబడలేదు. లోపం పుస్తకాలదా, పిల్లలదా? టేపుల్లోని మాటల మధ్య ఖాళీలను ఆమె యంత్రంతో గ్రాఫు కాగితం మీద గీయించి కొలిచారు. టీచరు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఈలోగా జవాబు రాకపోతే ప్రశ్న మళ్లీ అడుగుతారు, లేదా ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. పిల్లవాడు జవాబు చెప్పి ఊపిరి పీల్చుకునేలోగా, అంటే మరో సెకనైనా గడవకముందే, టీచరు మళ్లీ మాట అందుకుంటారు.

1974లో అచ్చయిన ఆమె పరిశోధనా పత్రం చెప్పిన చికిత్స చాలా చిన్నది. ఆ రెండు చోట్లా కనీసం మూడు సెకన్లు ఆగాలి. అలా ఆగిన తరగతుల్లో జవాబుల పొడవు మూడు నుంచి ఏడు రెట్లు పెరిగింది. "తెలీదు" అనడం, మౌనంగా ఉండిపోవడం తగ్గాయి. పిల్లలు తమంతట తాము ప్రశ్నలు వేయడం, ఒకరి మాటకు మరొకరు బదులివ్వడం మొదలైంది. వెనకబడ్డారని ముద్రపడ్డ పిల్లలు కూడా నోరు తెరిచారు. వాళ్ల మీద టీచర్ల అంచనా మారింది.

రెండు సెకన్ల తేడాతో ఇంత మార్పు ఎలా సాధ్యం? దీనికి కారణం మన మాటల లయలోనే ఉంది. తాన్యా స్టివర్స్ బృందం 2009లో పది భాషల సంభాషణలను కొలిస్తే, ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు. మామూలు సంభాషణలో జనం భరించే మౌనం సుమారు ఒక సెకనేనని గెయిల్ జెఫర్సన్ 1989లో రాశారు. అంటే రో టేపుల్లో టీచర్లు తొందరపాటు మనుషులేమీ కారు. మర్యాదస్థులు మాట్లాడుకునే పద్ధతినే వాళ్లు తరగతిలోకి తెచ్చారు, అంతే. చిక్కంతా అక్కడే ఉంది. కళ్లముందున్న బొమ్మ పేరు చెప్పడానికే పెద్దవాళ్లకు సుమారు 0.6 సెకన్లు పడుతుంది. ఒక చిన్న వాక్యం కూర్చుకోవడానికి సెకనున్నర దాకా కావాలి. ఇక పన్నెండేళ్ల పిల్లవాడు ప్రశ్న అర్థం చేసుకుని, కారణం వెతికి, మాటలు పేర్చుకుని, తప్పయితే నవ్వుతారేమోనన్న భయం దాటాలి. ఒక్క సెకనులో బయటికి రాగలిగేది ఒక్క పదమే.

ఆ ఒక్క పదాన్ని మన బళ్లలో రోజూ వింటాం. "మొక్కలు ఆహారం తయారుచేసుకునే ప్రక్రియను కిరణజన్య..." అని టీచరు గొంతు పైకెత్తి ఆపుతారు. "సంయోగక్రియ!" అని తరగతంతా అరుస్తుంది. గోడ అవతలివాళ్లకు పాఠం బ్రహ్మాండంగా సాగుతున్నట్టే వినిపిస్తుంది. ఎవరికి అర్థమైందో, ఎవరు పక్కవాడి పెదాలు చూసి అరిచారో ఆ కేకలో తెలియదు.

గబగబా ప్రశ్నలు కురిపించడమే చురుకైన బోధన అని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. రోమియెట్ స్టీవెన్స్ 1912లోనే తరగతుల్లో కూర్చుని లెక్కపెడితే, రోజుకు సగటున 395 ప్రశ్నలు తేలాయి. వాటిలో ఎక్కువ భాగం కంఠస్థం చేసింది అప్పజెప్పించేవే. రోను చదివినవాళ్లలోనూ కొందరు పొరబడ్డారు. మూడు సెకన్లను మంత్రంలా పట్టుకుని, ఎక్కాలు అడిగేటప్పుడూ ఆగి చూశారు. ఏడు ఎనిమిదులు ఎంత అన్నదానికి నిరీక్షణ దేనికి? ఆలోచించాల్సిన ప్రశ్న ఉన్నచోటే మౌనానికి విలువ. ఆస్ట్రేలియాలో కెనెత్ టోబిన్ పరిశోధనలు, 1987 నాటి ఆయన సమీక్ష ఈ సంగతిని స్పష్టం చేశాయి.

రో కనిపెట్టిన వాటిలో రెండు సంగతులు ఎవరికీ అంత రుచించవు. మొదటిది: తరగతిలో తెలివైన ఐదుగురు, వెనకబడ్డ ఐదుగురు ఎవరో చెప్పమని టీచర్లను అడిగి, టేపులు మళ్లీ కొలిచారు. తెలివైనవాళ్లకు సుమారు రెండు సెకన్లు దక్కాయి. ఎక్కువ వ్యవధి కావలసినవాళ్లకు సెకను కూడా దక్కలేదు. రెండోది పొగడ్త. కొన్ని తరగతుల్లో టీచరు మాటల్లో నాలుగో వంతు దాకా "గుడ్", "ఫైన్" లాంటివే ఉన్నాయి. అక్కడి పిల్లలు జవాబును ప్రశ్నలా సాగదీసి, టీచరు ముఖంలోకి చూసేవారు. వాళ్ల దృష్టి ప్రయోగం మీంచి మెప్పు మీదికి మళ్లింది. ప్రోత్సాహమంటే మెచ్చుకోలే అనుకునేవాళ్లు ఆ టేపుల సంగతి ఒకసారి తలచుకోవాలి.

ఇంత తెలిసినా మన శిక్షణ తరగతుల్లో ట్యాబులు, యాప్‌లు, డిజిటల్ తెరల గురించి గంటలు గంటలు చెబుతారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని కొలిచిన అధికారి ఎక్కడా కనబడడు. సిలబస్ ఎంతవరకు అయిందన్నదే తనిఖీ. అయితే రోకు ప్రత్యేక యంత్రం కావలసివచ్చిన పని ఇప్పుడు జేబులోని ఫోనే చేసిపెడుతుంది. ప్రశ్న పంపిన టీచరుగారు, ఆమెలాంటి మిగతావారు రేపటి పాఠంలో ఓ పది నిమిషాలు రికార్డు చేసి, ఇంటికెళ్లాక గడియారం పక్కన పెట్టుకుని వినాలి. తేలిన లెక్క ఎంతైనా ఈ పత్రికకు రాసి పంపితే ప్రచురిస్తాం.