కూలరు రంగు ఎందుకు ఊడుతుంది?

వేసవి వస్తున్నదనగానే మూలనున్న కూలరు బయటికి వస్తుంది. నిరుడు వేయించిన రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది. రంగు నాసిరకమనో, పనివాని చేయి మంచిది కాదనో అనుకొని, దాని మీదనే మరొక పూత వేయిస్తాము. మరుసటి ఏడు మళ్లీ అదే కథ! అసలు కారణం ఆ రంగుకూ, రేకుకూ పొత్తు కుదరకపోవడమే. అదెట్లో చూద్దాం.

రేకు కూలర్లను సాధారణంగా జి.ఐ. రేకుతో, అనగా జింకు పూత గల ఇనుప రేకుతో చేస్తారు. కరిగిన జింకులో ఇనుమును ముంచి పూత పెట్టే ఈ పద్ధతికి 1837లో ఫ్రాన్సుకు చెందిన సోరెల్ అనే ఇంజనీరు పేటెంటు పొందాడు. ప్రమాణ ఎలక్ట్రోడు పొటెన్షియల్ జింకుకు -0.76 వోల్టులు, ఇనుముకు -0.44 వోల్టులు. అందుచేత రేకుపై గీత పడి ఇనుము బయటపడినా, చుట్టునున్న జింకు తాను క్షయించి ఇనుమును కాపాడుతుంది.

అయితే కూలరు పనిచేసే తీరే జింకుకు శత్రువు. గాలిని చల్లబరుస్తూ ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులోని లవణాలు వెనుకనే మిగులుతాయి. తొట్టిలో 40 లీటర్ల నీరు, లీటరుకు అర గ్రాము లవణాలు ఉన్నవనుకొందాం. మొత్తం 20 గ్రాములు. కొన్ని రోజులలో 200 లీటర్లు ఆవిరై, అంత నీరూ మళ్లీ పోస్తే మరో 100 గ్రాములు చేరుతాయి. అనగా లవణాలు ఆరింతలవుతాయి! కొంత భాగం తెల్లని చట్టుగా పేరుకొన్నా, కరిగి ఉన్న క్లోరైడులు జింకును తినివేస్తాయి. తొట్టిని అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయవలెననేది ఇందుకే.

కనుక జింకుకు కూడా రక్షణ కావలెను. మనం సాధారణంగా వేసే ఎనామెల్ రంగులో నూనెల నుండి వచ్చిన ఎస్టర్లు ఉంటాయి. తేమ తగిలిన జింకు ఉపరితలం మీద క్షారగుణం గల పదార్థాలు ఏర్పడతాయి. నూనె, క్షారం కలిస్తే ఏమవుతుందో విద్యార్థులకు తెలిసినదే: సబ్బు! రంగు పొర అడుగున జింకు సబ్బు తయారై పట్టు సడలుతుంది. పైకి నిగనిగలాడే రంగు కొన్ని నెలలకు పొరలుగా ఊడివస్తుంది.

దీనికి విరుగుడు ఏమనగా, రేకుకూ రంగుకూ మధ్య సరియైన ప్రైమర్ ఉండడం. ముందు ప్లగ్గు తీసివేసి, తొట్టి ఖాళీ చేసి, లేచిన రంగును తొలగించవలెను. పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఇండ్లలో వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎమ్.కు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కనుక పాత రంగును పొడిగా గీకక, తడిపి గరుకు కాగితంతో తేలికగా రుద్దవలెను. జింకు అరిగేటంతగా రుద్దరాదు. తరువాత సబ్బునీటితో జిడ్డు వదిలించి, కడిగి, ఆరబెట్టవలెను. కడిగేటప్పుడు నీరు పలుచని పొరగా పరచుకుంటే రేకు శుభ్రమైనట్లు. బొట్లుగా విడిపోతే జిడ్డు ఉన్నట్లే.

ఆ పైన జి.ఐ. రేకుకని అమ్మే ఎచ్ ప్రైమర్ గాని, ఎపాక్సీ ప్రైమర్ గాని వేయవచ్చు. ఎచ్ ప్రైమర్‌లోని ఫాస్ఫారిక్ ఆమ్లం జింకుతో కలిసి జింకు ఫాస్ఫేటు పొర ఏర్పడుతుంది. అది లోహాన్ని గట్టిగా అంటుకొని పై పూతకు పట్టునిస్తుంది. ఎపాక్సీ ఎండకు సుద్దపొడిలా రాలుతుంది కనుక బయటివైపు పాలీయురేథేన్ రంగు మేలు. తొట్టి లోపల నల్లని బిటుమెన్ పూత వాడతారు. అందులో నూనె ఎస్టర్లు లేనందున సబ్బు బెడద లేదు. ఒక మందపు పూతకంటె రెండు పలుచని పూతలు మంచివి. పని ఆరుబయట, కుంచెతో చేయవలెను.

ఒక హెచ్చరిక: ఎంత మంచి రంగయినా విద్యుత్తు నుండి రక్షించదు. ఎర్తు తీగను బిగించే చోట రంగు లేకుండా లోహం తగలవలెను. కూలరు నడుస్తుండగా నీరు పోయరాదు.

పాఠశాలలో దీనిని పరీక్షించవచ్చు. రెండు జి.ఐ. ముక్కలు తీసుకొని, ఒకదానికి నేరుగా ఎనామెల్, రెండవదానికి ప్రైమర్ వేసి అదే ఎనామెల్ పూయండి. కొన్ని వారాలు తడుపుతూ, ఆరబెడుతూ ఉంచండి. తరువాత బ్లేడుతో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు దగ్గర దగ్గరగా గీసి, అంటుడు టేపు అతికించి లాగండి. టేపుకు ఎన్ని గళ్లు అంటుకొని వచ్చాయో లెక్కపెడితే, ఏ పూత పట్టు ఎంతో పిల్లలకే తెలుస్తుంది.