ఎర్రదీపం ఆరకపోతే వైరు పీకడమేనా?

పాత కారును బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారికి పని పూర్తయ్యే రోజున తరచు ఒక చికాకు ఎదురవుతుంది. రేకు పని అయిపోయింది. రంగు పడింది. ఇంజను పలికింది. బ్రేకు సామానంతా కొత్తది వేశారు. తీరా తాళం తిప్పేసరికి డాష్ బోర్డు మీద బ్రేకు తాలూకు ఎర్రదీపం వెలిగింది. బండి స్టార్టయినా ఆరలేదు. పెడల్ తొక్కితే బ్రేకు పడుతూనే ఉంది. "బ్రేకు పడుతోంది కదా బాబూ, ఇక దీపంతో పనేముంది?" అని షెడ్డులో ఎవరో ఒకరు ఆ వైరు పీకి టేపు చుట్టేస్తారు. దీపం ఆరిపోతుంది. యజమాని సంతోషంగా బండి ఇంటికి తోలుకుపోతాడు.

ఆ దీపం ఎందుకు పెట్టారో తెలిస్తే ఎవరూ ఆ పని చేయరు.

పూర్వపు కార్లలో బ్రేకు ఆయిల్‌కు దారి ఒక్కటే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరులోంచి ఆయిల్ ఒత్తిడి గొట్టాల వెంట నాలుగు చక్రాలకూ పోతుంది. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా, ఒక్క చక్రం దగ్గర రబ్బరు కప్పు తెగినా పెడల్ నేలకు ఆనుతుంది. నాలుగు చక్రాలకూ బ్రేకు లేనట్టే. మన రోడ్ల మీద చిరకాలం తిరిగిన తొలినాటి అంబాసిడర్లు, ఫియట్లు ఈ రకానివే. పెడల్‌ను గబగబా నాలుగుసార్లు పంపు కొట్టి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి బండిని ఆపుకోవడం ఆ కాలపు డ్రైవర్లు నేర్చిన విద్య.

ఈ బెడద తగ్గించడానికి అమెరికాలో కాడిలాక్, అమెరికన్ మోటార్స్ కంపెనీలు 1962లో ఆయిల్ దారిని రెండుగా విడగొట్టాయి. మాస్టర్ సిలిండరు ఒకటే అయినా లోపల రెండు గదులు. ఒక గది ముందు చక్రాలకు, ఒక గది వెనుక చక్రాలకు. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ ఈ ఏర్పాటు ఉండాలని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. దానితోపాటే ఎర్రదీపాన్నీ తప్పనిసరి చేసింది.

రెండు దారులున్నాక మళ్లీ దీపం దేనికి? ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక దారి పోయినా బండి ఆగుతుంది. కాస్త దూరం జరిగి ఆగుతుంది, పెడల్ కాస్త లోతుకు దిగుతుంది. నాలుగు రోజులు తోలితే డ్రైవరు కాలికి అదే అలవాటయిపోతుంది. సగం బ్రేకుతో తిరుగుతున్నానన్న సంగతే అతనికి తెలియదు. మిగిలిన సగం కూడా పోయిననాడు తెలుస్తుంది. ఆ నడుమ రోజుల్లో హెచ్చరించడానికి పెట్టినదే ఈ దీపం.

కావడి లాంటి ఇత్తడి దిమ్మ

ఇంగ్లండులోని యాబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. అనే చిన్న కారును ఉదాహరణగా తీసుకోవచ్చు. 5 లక్షలకు పైగా తయారయ్యాయి. చాలా భాగం అమెరికాకే పోయాయి. ఇప్పటికీ విదేశాల్లో పాత కార్ల అభిమానులు విప్పి బిగించే బండ్లలో దీనిది ముందు వరుస. అమెరికాకు పంపిన బండ్లకు 1968 మోడల్ నుంచి రెండు గదుల సిలిండరు, ఎర్రదీపం వచ్చాయి. బల్బు బాగుందో లేదో చూసుకోవడానికి డాష్ బోర్డు మీద నొక్కుడు మీట కూడా పెట్టారు.

ఈ రకం బండ్లలో రెండు దారుల నడుమ చిన్న దిమ్మ ఒకటి ఉంటుంది. చాలావాటిలో అది ఇత్తడిది. కొన్ని మోడళ్లలో ఇదే ఏర్పాటు మాస్టర్ సిలిండరు లోపలే ఉంటుంది. దిమ్మలో అటూ ఇటూ జరిగే సన్నని పిస్టను, దానికి రెండు వైపులా రబ్బరు రింగులు. భుజాన కావడి ఉందనుకోండి. రెండు కుండల్లో నీళ్లు సమంగా ఉన్నంతసేపూ బద్ద తిన్నగా ఉంటుంది. ఒక కుండ చిల్లిపడితే రెండోవైపు దిగుతుంది. ఇదీ అంతే. రెండు వైపులా ఒత్తిడి సమంగా ఉంటే పిస్టను నడిమధ్యన నిలుస్తుంది. ఒక వైపు ఒత్తిడి పోతే రెండో వైపు ఒత్తిడి దాన్ని తోసేస్తుంది. పిస్టను నడుమ ఉన్న గాడిలో స్విచ్చి పిన్ను ఆని ఉంటుంది. పిస్టను జరగగానే గాడి అంచు ఆ పిన్నును పైకి నెడుతుంది. ఎర్తు కలుస్తుంది, దీపం వెలుగుతుంది.

అన్నీ కొత్తవి వేశాక దీపం వెలగడానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఎయిర్ తీసేటప్పుడు ఒక చక్రం నిప్పిల్ విప్పి పెడల్ తొక్కుతారు. ఆ క్షణాన ఆ వైపు ఒత్తిడి ఉండదు. దిమ్మ దృష్టిలో అది గొట్టం పగలడమే! పిస్టను పక్కకు జరిగి అక్కడే ఉండిపోతుంది. కొన్ని బండ్లలో తర్వాత పెడల్ గట్టిగా తొక్కితే దానంతటదే మధ్యకు వస్తుంది. కొన్నింటిలో రాదు. అలాంటప్పుడు రెండో దారి తాలూకు నిప్పిల్ కొద్దిగా విప్పి, తాళం తిప్పి ఉంచి, పెడల్‌ను మెల్లమెల్లగా అదమాలి. దీపం ఆరిన క్షణంలో కాలు అక్కడే ఆపి నిప్పిల్ బిగించాలి. జోరుగా తొక్కితే పిస్టను మధ్యను దాటి అటు చివరకు పోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎయిర్ తీసే ముందు ఈ స్విచ్చిని వదులు చేయాలో వద్దో బండిని బట్టి ఉంటుంది. ఆ బండి పుస్తకం చూసుకోవడం మేలు.

దీపం అప్పటికీ ఆరకపోతే

ముందుగా హ్యాండ్ బ్రేకు చూడాలి. చాలా కార్లలో దానికీ ఇదే దీపం. లివరు దించినా దాని మొదట్లో ఉన్న స్విచ్చి తుప్పుపట్టి అతుక్కుపోయి ఉండవచ్చు. తర్వాత ఆయిల్ డబ్బా. రెండు గదుల్లోనూ మట్టం చూడాలి, ఒకటి నిండుగా ఉండి రెండోది దిగిపోయి ఉండవచ్చు. అవి సరిగా ఉంటే దిమ్మ మీది స్విచ్చి వైరు ఊడదీసి చూడాలి. అప్పుడు కూడా దీపం వెలుగుతుంటే వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందన్నమాట. ఆరితే తప్పు స్విచ్చిదో, పిస్టనుదో. (పరీక్షకు ఒక్క నిమిషం తీసిన వైరును తిరిగి పెట్టడం మరవకూడదు.)

స్విచ్చి విప్పి టెస్ట్ లాంపు పెడితే పిన్ను నొక్కినప్పుడే వెలగాలి. ప్లాస్టిక్ స్విచ్చిలు పాతబడి పెళుసెక్కి ఉంటాయి, గట్టిగా బిగిస్తే పగులుతాయి. స్విచ్చి తీసిన రంధ్రం పొడిగా ఉండాలి. లోపల ఆయిల్ తడి కనిపిస్తే పిస్టను రింగులు తెగినట్టే. దిమ్మ విప్పి రింగులు మార్చాలి.

ఇవన్నీ బాగుండీ, పిస్టనును మధ్యకు తెచ్చినా మళ్లీ మళ్లీ పక్కకు పోతుంటే దీపం నిజమే చెబుతోంది. డ్రమ్ములు ఊడదీయాల్సిందే. వీల్ సిలిండరు కారుతుండవచ్చు, గాలి మిగిలి ఉండవచ్చు, వెనుక షూలు సరిగా ఎడ్జస్టు కాక పెడల్ లోతుకు దిగుతుండవచ్చు.

ఆరని దీపం కన్నా అసలు వెలగని దీపం ఎక్కువ భయపెట్టాలి. ఏళ్ల తరబడి చెట్టుకింద పడి ఉన్న బండిలో దిమ్మలోని పిస్టను మడ్డి పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఒక దారి పూర్తిగా పోయినా కదలదు. మీట నొక్కితే బల్బు వెలుగుతుంది కాబట్టి యజమాని అంతా బాగుందనుకుంటాడు. దీనికి పరీక్ష సులువే. బండిని కదలకుండా నిలిపి, ఒక నిప్పిల్‌కు గొట్టం తగిలించి సీసాలో పెట్టి, నిప్పిల్ విప్పి పెడల్ తొక్కించాలి. దీపం వెలగాలి. వెలగకపోతే దిమ్మ విప్పాలి.

రబ్బరు సామాను కడగడానికి కిరసనాయిలు, పెట్రోలు వాడే అలవాటు మన షెడ్లలో ఉంది. అవి తగిలితే రబ్బరు ఉబ్బి చెడుతుంది. స్పిరిటుతో గాని, కొత్త బ్రేకు ఆయిల్‌తో గాని కడగాలి. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎప్పుడో మూత తీసిన డబ్బాలోది పోయకూడదు. రంగు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి, లేకుంటే కొత్త పెయింటు లేచిపోతుంది.

పనంతా అయ్యాక మొదటిసారి ఖాళీ మైదానంలో మనిషి నడిచే వేగంతో తోలి నాలుగైదుసార్లు ఆపి చూడాలి. రాత్రికి బండిని షెడ్డులో ఉంచి, మర్నాడు పొద్దున్నే ప్రతి చక్రం లోపలి వైపు, దిమ్మ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డ తడిస్తే డ్రైవరు చేతికి తాళం ఇవ్వకూడదు.