తల గాయం – కాలం విలువ

బెంగళూరు – హైదరాబాదు జాతీయ రహదారి పెనుకొండ చెంత నుండి సాగిపోతుంది. పట్టుచీరలకు పేరొందిన ధర్మవరం, వాణిజ్య కేంద్రమైన హిందూపురం ఆ మార్గానికి అటూ ఇటూ ఉన్నాయి. ఈ రహదారిపై ఒకనికి తలకు తీవ్రమైన గాయమైనదనుకుందాం. అతని భవిష్యత్తు గాయం మీదనే కాక, చికిత్స ఎంత త్వరగా అందినదనే అంశం మీద కూడా ఆధారపడుతుంది.

మెదడుకు హాని రెండు దశలలో కలుగుతుంది. దెబ్బ తగిలిన క్షణాన కలిగేది మొదటిది. దానిని వైద్యుడు తొలగించలేడు. తరువాత రక్తస్రావం, వాపు, ప్రాణవాయువు కొరత, రక్తపోటు పడిపోవడం వలన కలిగేది రెండవది. దీనిని చాలావరకు నివారించవచ్చు.

గాయ తీవ్రతను అంచనా వేయడానికి 1974లో గ్లాస్గో నగర వైద్యులు ఒక కొలమానాన్ని రూపొందించారు. కన్ను తెరవడం, మాట, కదలిక ఆధారంగా 3 నుండి 15 వరకు అంకెలు వేస్తారు. 8 లేక అంతకు తక్కువైతే గాయం తీవ్రమైనదని భావిస్తారు. ఈ పరీక్షకు యంత్రం అవసరం లేదు. చిన్న ఆసుపత్రిలోనూ చేయవచ్చు.

అయితే మెదడు శస్త్రచికిత్స నిపుణులు ప్రధానంగా నగరాలలోనే ఉన్నారు. హిందూపురం నుండి బెంగళూరులోని నిమ్‌హాన్స్‌కు చేరడానికి సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించాలి. కనుక శ్వాసమార్గాన్ని, రక్తపోటును ముందుగా దగ్గరి ఆసుపత్రిలో సరిచేసి, ఆ పిమ్మట తరలించడం శ్రేయస్కరం.

పరికరాలే సర్వస్వమా? బొలీవియా, ఈక్వడార్ దేశాలలో 324 మందిపై జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. పుర్రెలోని ఒత్తిడిని పరికరంతో కొలిచి చికిత్స చేసినవారికీ, స్కానింగు, శారీరక పరీక్షల ఆధారంగా చికిత్స చేసినవారికీ ఫలితాలలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. ఇరువర్గాలకూ తీవ్ర చికిత్సా విభాగంలో నిరంతర సంరక్షణ లభించడం గమనార్హం.

ప్రాణం దక్కినంత మాత్రాన చికిత్స ముగియదు. నడక, మాట, జ్ఞాపకశక్తి తిరిగి పొందడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. పునరావాస కేంద్రాలు దూరమైన పల్లెలలో ఆ భారమంతా కుటుంబంపైనే పడుతుంది. వైద్యుడు నేర్పిన వ్యాయామాలను ఇంటివారు ఓర్పుతో చేయించాలి.

ప్రమాదస్థలంలో మన బాధ్యత కూడా తక్కువ కాదు. స్పృహలేనివారి నోటిలో నీరు పోయరాదు. మెడను అటూ ఇటూ తిప్పరాదు. వెంటనే 108కి తెలియజేయాలి. అన్నింటికంటె మిన్నగా, వాహనమెక్కే ముందు శిరస్త్రాణం ధరించాలి. ఆసుపత్రి ఎంత దూరమైనా, ఈ రక్షణ మాత్రం మన చేతిలోనే ఉంది.