రెండడుగుల కోటిపల్లి

కొబ్బరి ఈనె మొదట్లో సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మన కోనసీమ కొబ్బరిచెట్టు మాను మందం సుమారు ఒక అడుగు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 150 వస్తుంది. ఈ లెక్క తట్టిన రోజు నుంచి మా ఇంట్లో చీపురుకట్ట సన్నబడటం మొదలైంది.

బొమ్మ రైళ్ళ లోకంలో ‘ఎన్’ స్కేలు అని ఒకటుంది. అసలు వస్తువులో 160వ వంతు అన్నమాట. 1960ల మొదట్లో ఆర్నాల్డ్ అనే జర్మనీ కంపెనీ దీన్ని వాడుకలోకి తెచ్చింది. 1972లో మెర్క్‌లిన్ కంపెనీ 220వ వంతు ‘జెడ్’ స్కేలు తెచ్చింది. జపాన్ వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి 450వ వంతు ‘టీ’ స్కేలు చేశారు. అందులో రెండు పట్టాల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లే. మన చీపురు ఈనెకు కుదిరేది మాత్రం ఎన్ స్కేలు.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో పిల్లలు పట్టాలు వేసి రైలు నడపడం కొత్తేమీ కాదు. కొలువులో ఏనుగు కంటే చిలక పెద్దదైనా ఎవరూ తప్పుపట్టరు. స్కేలు పట్టుకున్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు. మనిషి ఒక సెంటీమీటరైతే తలుపు ఒకటింపావు సెంటీమీటరు ఉండి తీరాలి.

అమెరికాకు చెందిన కార్ల్ ఆరెంట్ అనే అభిరుచిపరుడు 4 చదరపు అడుగులకు మించని రైలు నమూనాలను ‘మైక్రో’ అని పిలిచి, వాటిని బాగా ప్రచారం చేశాడు. నా బల్ల రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. అంటే పొడవు అసలు నేల మీద 97 మీటర్లు, ఆ పైన చిల్లర. మనం ఎక్కే ఐసీఎఫ్ బోగీ 21.34 మీటర్లు కాబట్టి నా బల్ల మీద 13.3 సెంటీమీటర్లు. నాలుగు బోగీలు పెడితే బల్ల నిండిపోతుంది. బల్ల చేసిన వడ్రంగి అదే అడిగాడు.

“ఇంత బల్ల మీద రైలు ఎటెళ్తాదండీ?”

“ఎటూ వెళ్ళదు, వచ్చి ఆగుతుంది.”

“అయితే మన కోటిపల్లి రైలేనన్నమాట, ఆయ్!”

ఆయన వేళాకోళానికి అన్నా, నేను ఎంచుకున్నది కోటిపల్లే. కాకినాడ నుంచి 45 కిలోమీటర్లు వచ్చి గోదావరి పాయ గౌతమి గట్టున ఆగిపోయే లైను అది. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో, ఇనుము కోసం పట్టాలు పీకేశారు. మళ్ళీ 2004లో తెరిచాక ఒకే బోగీ ఉన్న రైలుబస్సు నడిచింది. ఒకే బోగీ, ఒక కొస నది. చిన్న బల్లకు ఇంతకంటే మంచి స్టేషను దొరకదు.

చిన్న నమూనాకు అసలు శత్రువు వంపు. మన బ్రాడ్‌గేజిలో ఎంత గట్టి మలుపైనా దాని వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. 160వ వంతు చేసినా అది 109 సెంటీమీటర్లు, అంటే రైలు చుట్టూ తిరిగి రావడానికి రెండు మీటర్ల పైన వెడల్పు కావాలి. బజారులో దొరికే వంపు పట్టాల వ్యాసార్ధం 22 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. వాటి మీద పొడుగు బోగీ తిరుగుతుంటే మూలలు బయటికి పొడుచుకొచ్చి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అందుకే నేను పట్టాలు తిన్నగా వేశాను. రైలు వచ్చే వైపు బల్ల అంచును మాత్రం దాచాలి. విదేశీయులు దీనికి వంతెనో సొరంగమో కడతారు. కోనసీమలో సొరంగం పెడితే నవ్విపోతారు. మనకు కొబ్బరితోట ఉంది. నిజంగానే ఇక్కడ వంద గజాల అవతలిది కనబడదు కదా!

ఒక్కో చెట్టుకు పది సెంటీమీటర్ల ఈనె. మాను మీది కణుపుల కోసం సన్నని దారం చుట్టి జిగురు రాయాలి. ఒక్కో మట్ట మూడు సెంటీమీటర్ల కాగితం ముక్క, రెండు అంచులా కత్తెరతో గాట్లు. చెట్టుకు పద్దెనిమిది మట్టలు. వెనక వరస చెట్లను కాస్త పొట్టిగా చేసి, ఆకుపచ్చలో చిటికెడు నీలం కలిపాను. దూరపు చెట్లకూ మన కంటికీ మధ్య గాలి ఎక్కువ, అది వెదజల్లే నీలి వెలుగూ ఎక్కువ. అడుగు వెడల్పు తోట దాంతో లోతుగా కనబడుతుంది.

గోదావరి దగ్గర దెబ్బతిన్నాను. తొట్టిలా గాడి చేసి నిజం నీళ్ళు పోశాను. నది బదులు ఒలికిన మంచినీళ్ళు కనిపించాయి, తెల్లారేసరికి ప్లైవుడ్ ఉబ్బింది. అవి నదిలా కనబడకపోవడానికి కారణం తలతన్యత. నీరు దేన్నయినా తాకినచోట అంచు వంపు తిరుగుతుంది. ఆ వంపు సుమారు 2.7 మిల్లీమీటర్ల మేర ఉంటుంది. చెరువైనా చెంబైనా అంతే, స్కేలుతో పాటు తగ్గదు. నా బల్ల మీద అది 43 సెంటీమీటర్లతో సమానం. ఒడ్డున మోకాటి దాకా ఒంగి నిలబడే గోదావరిని ఎవరు చూశారు? తర్వాత అడుగున రంగు వేసి (ఒడ్డున లేత మట్టిరంగు, లోతుకు పోయేకొద్దీ ముదురు), పైన పారదర్శక రెసిన్ పలచగా, పొర తర్వాత పొర పోశాను. ఒకేసారి మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి పగుళ్ళిస్తుంది.

అదే తలతన్యత కంకర పరిచేటప్పుడూ ఎదురైంది. 50 మిల్లీమీటర్ల కంకర రాయి ఇక్కడ 0.3 మిల్లీమీటర్లు, అంటే జల్లించిన సన్న ఇసుక. పలచటి జిగురు చుక్క వేస్తే అది ముత్యంలా నిలిచి ఇసుకను ఉండలు చుట్టింది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు ఒక బొట్టు కలిపాక చక్కగా ఇంకిపోయింది.

బరువు సంగతీ ఇలాంటిదే. పొడవు 160వ వంతైతే బరువు 160 × 160 × 160, అంటే 40,96,000వ వంతు. 112 టన్నుల పాత డీజిల్ ఇంజను, డబ్ల్యూడీఎం-2, ఈ లెక్కన 27 గ్రాములే తూగుతుంది. అంత తేలికైతే చక్రం పట్టాను పట్టదు, నలుసంత దుమ్ముకే కరెంటు తెగుతుంది. అందుకే తయారీదారులు లోపల లోహపు ముక్కలు దట్టించి బరువు పెంచుతారు.

ఒక్క తప్పుతో మాత్రం రాజీపడ్డాను. ఎన్ స్కేలు పట్టాల ఎడం 9 మిల్లీమీటర్లు. యూరప్ గేజికి అది సరిపోతుంది. మన 1,676 మిల్లీమీటర్లకు పదిన్నర కావాలి. స్లీపర్లను ఇసుకలో కాస్త పూడ్చాను, ఆ తేడా చూడగానే కనబడదు.

రేవులో ముక్తేశ్వరం వెళ్ళే పంటు ఒకటి పెట్టాను. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. అది గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడూ దాటాలి. ఎన్ స్కేలులో ఆ మొత్తం దూరం 356 మీటర్లు, మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి.