వెళ్లింది సరే, తిరిగొచ్చే దారేది?

తెనాలిలో మా నాన్నగారి ఇంటి గేటు మీద కెమెరా ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని దాన్ని చూద్దామని ఒక ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేశాను. 'కనెక్టెడ్' అని పచ్చగా వెలిగింది. బ్రౌజర్‌లో కెమెరా రికార్డర్ అడ్రస్ 192.168.1.50 కొట్టాను. పేజీ తెరుచుకుంది కూడా. కానీ అందులో గేటూ లేదు, వీధీ లేదు. నల్ల ఇంకు అయిపోవచ్చిందన్న హెచ్చరిక ఉంది. పలికింది తెనాలి కెమెరా కాదు, పక్క గదిలోని మా ప్రింటర్!

రామాలయం వీధి లేని ఊరు మనకు అరుదు. 'రామాలయం వీధి, మూడో ఇల్లు' అంటే ఆ ఊళ్లో ఎవరైనా చూపిస్తారు. ఊరు దాటితే ఆ చిరునామా ఎందుకూ పనికిరాదు. 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రసులు అచ్చం అలాంటివే. ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్న మొత్తం అడ్రసులు సుమారు 430 కోట్లు. ప్రతి యంత్రానికీ ఒకటి చొప్పున ఇస్తూ పోతే అవి చాలవు. అందుకే 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు వరుసలను ఇళ్లకూ ఆఫీసులకూ సొంత వాడకానికి వదిలేసింది. 10తో మొదలయ్యేవి ఒకటి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి రెండు, 192.168తో మొదలయ్యేవి మూడు. వీటిని ఎవరైనా, ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చు. బయటి ఇంటర్నెట్‌లో మాత్రం చెల్లవు. ఇళ్లలో పెట్టే రౌటర్లు చాలావరకు 192.168.0 గానీ 192.168.1 గానీ పెట్టుకునే వస్తాయి. అలా తెనాలి ఇల్లూ మా ఫ్లాటూ ఒకే వీధి పేరు పెట్టుకుని కూర్చున్నాయి.

వీపీఎన్ అంటే ఒక సొరంగం. నాన్నగారింట్లో అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టాను. 2020లో లైనక్స్ కెర్నెల్‌లోనే చోటు సంపాదించుకున్న ప్రోగ్రామ్ ఇది. ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, తాళం వేసిన పెట్టెలో పెట్టినట్టు ఇంటర్నెట్ మీదుగా అవతలికి చేరుస్తుంది. అయితే ఏ ప్యాకెట్ సొరంగంలోకి దిగాలో, ఏది మామూలు దారిన పోవాలో ల్యాప్‌టాప్‌లోని రూటింగ్ టేబుల్ చూసి తేలుతుంది. 192.168.1 అనగానే నా ల్యాప్‌టాప్ తానున్న వీధినే ఎంచుకుంది. దాన్ని తప్పుపట్టలేం.

తెనాలి వీధి పేరు మార్చడమే మందు. ఇంటి నెట్‌వర్క్‌ని 192.168.87కి మార్చి, సొరంగంలోకి పంపాల్సిన అడ్రసుల వైర్‌గార్డ్ జాబితాలోనూ అదే రాశాను. "నాన్నా, రౌటర్ ఒక్కసారి ఆపి వేయండి" అని ఫోన్ చేస్తే, "మళ్లీ ఏం పాడుచేశావురా?" అన్నారు.

ఈసారి ప్రింటర్ పలకలేదు. అసలు ఏదీ పలకలేదు.

ఇలాంటప్పుడు దగ్గర నుంచి దూరానికి ఒక్కో మెట్టూ తట్టి చూడాలి. అందుకు 'పింగ్' ఉంది. 1983లో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ 'ఉన్నావా?' అని అడుగుతుంది, అవతలి యంత్రం 'ఉన్నా' అంటుంది. సొరంగం అవతలి కొస 10.8.0.1 బదులిచ్చింది. అదే బుల్లి కంప్యూటర్‌కి ఇంటి వైపున్న అడ్రస్ 192.168.87.20 కూడా బదులిచ్చింది. 192.168.87.50లో ఉన్న రికార్డర్ మాత్రం ఉలకలేదు. అంటే సొరంగం బాగానే ఉంది, చిక్కు దాన్ని దాటిన తర్వాత.

పింగ్‌కి జవాబు రాకపోతే రెండు అర్థాలున్నాయి. ప్రశ్న చేరలేదేమో. లేదా చేరినా జవాబు తిరిగి రాలేదేమో. ఏదో తేల్చడానికి బుల్లి కంప్యూటర్‌లో టీసీపీడంప్ నడిపాను. వచ్చిపోయే ప్యాకెట్లను చెక్‌పోస్టులో కూర్చున్నట్టు చూపించే సాధనం అది. సొరంగంలోంచి ప్యాకెట్ వస్తోంది, ఇంటి వైపు బయటికి పోవడం లేదు. తనది కాని ప్యాకెట్‌ని లైనక్స్ మామూలుగా ఇంకొకరికి అందించదు, పారేస్తుంది. 'ఐపీ ఫార్వర్డింగ్' అనే సెట్టింగ్ 0 నుంచి 1కి మార్చాక ప్యాకెట్ ఇంటి వైపు కదిలింది. జవాబు మాత్రం ఇంకా లేదు.

రికార్డర్ వైపు నుంచి ఆలోచిస్తే గుట్టు తెలుస్తుంది. తన తలుపు తట్టిన వ్యక్తి అడ్రస్ 10.8.0.2, అంటే నా ల్యాప్‌టాప్. అది తన వీధిది కాదు. వీధి బయటివాళ్ల ఉత్తరాలన్నీ రౌటర్ చేతికివ్వడమే దానికి తెలిసిన పద్ధతి, అలాగే ఇచ్చింది. సొరంగం సంగతి రౌటర్‌కి ఎవరూ చెప్పలేదు. అది ఆ జవాబుని బయటి ఇంటర్నెట్ వైపు తోసేసింది. అక్కడ 10తో మొదలయ్యే అడ్రసు చెల్లదు కదా, జవాబు గాలికి పోయింది.

పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలిసి బయటపడటం తెలియని అభిమన్యుడు గుర్తొస్తాడు. కానీ ఆ పోలిక సగమే కుదురుతుంది. ఇక్కడ వెళ్లినవాడు తిరిగి రాడు. జవాబుగా బయల్దేరేది వేరే ప్యాకెట్. వెళ్లిన దారి దానికి గుర్తుండదు. ప్రతి మలుపులోనూ అక్కడి రూటింగ్ టేబుల్‌ని కొత్తగా దారి అడగాల్సిందే. పోయే దారి వేశామంటే వచ్చే దారి వేసినట్టు కాదు.

దీనికి విరుగుళ్లు రెండు. ఒకటి, రౌటర్‌లో స్టాటిక్ రూట్: '10.8.0తో మొదలయ్యే అడ్రసులకు పోయేవన్నీ 192.168.87.20కి ఇవ్వు' అన్న ఒక్క వరుస. ప్రశ్న తన చేతి మీదుగా వెళ్లలేదు కాబట్టి కొన్ని రౌటర్ల ఫైర్‌వాల్ ఇలాంటి జవాబుని అనుమానించి ఆపేస్తుంది. అప్పుడు రెండోది, మాస్కరేడ్. సొరంగంలోంచి వచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ బుల్లి కంప్యూటర్ తన అడ్రసే తగిలించి పంపుతుంది. రికార్డర్‌కి అది వీధివాడి పలకరింపే కాబట్టి నేరుగా బదులిస్తుంది. ఎవరు చూశారని తర్వాత వెతికితే మాత్రం అందరూ ఒకే పేరుతో కనిపిస్తారు.

పింగ్ పలికినా పేజీ మధ్యలో ఆగిపోతోందంటే ప్యాకెట్ సైజు చూడాలి. మామూలు ఈథర్‌నెట్‌లో 1500 బైట్ల దాకా పడుతుంది. సొరంగపు పెట్టె కొంత చోటు తినేస్తుంది గనక వైర్‌గార్డ్ సాధారణంగా 1420 దగ్గర ఆగుతుంది. దారిలో ఇంకా ఇరుకుంటే ఆ అంకెను తగ్గించాలి.

మా రౌటర్ అంత అనుమానం మనిషి కాదు, స్టాటిక్ రూట్‌తోనే పని జరిగింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర నాన్నగారు పాల ప్యాకెట్ అందుకోవడం హైదరాబాద్‌లో చూశాను. ఆ బొమ్మలో ప్రతి ముక్కా ముందు రౌటర్ దాకా వెళ్లి, నేను రాసిన ఆ ఒక్క వరుస ప్రకారం మళ్లి, సొరంగంలోకి దిగి నా దగ్గరికి వచ్చింది.